కంట్రోలర్ మార్చేముందు: కదలని ఎలక్ట్రిక్ స్కూటర్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

"తాళం తిప్పితే లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. కంట్రోలర్ పోయినట్టేనా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవారిలో చాలామంది అప్పటికే కొత్త కంట్రోలర్ కొని చేతిలో పట్టుకుని ఉంటారు.

కంట్రోలర్ తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. బ్యాటరీ నుంచి కరెంటు, యాక్సిలరేటర్ నుంచి ఆజ్ఞ, బ్రేకు నుంచి అనుమతి, మోటారులోని హాల్ సెన్సర్ల నుంచి చక్రం ఎక్కడుందో కబురు అందాలి. ఈ నాలుగూ సవ్యంగా అందితేనే మూడు లావు వైర్ల ద్వారా మోటారును తిప్పుతుంది. ఒక్కటి తప్పినా మామూలుగా నోరు మూసుకుని కూర్చుంటుంది. బయటినుంచి చూస్తే చచ్చిన కంట్రోలరూ, మొండికేసిన కంట్రోలరూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని దాన్ని అన్నిటికన్నా ఆఖరున అనుమానించాలి. కింద ఇచ్చిన వరుస అందుకోసమే.

ఇది 48, 60, 72 వోల్టుల బ్యాటరీ, మూడు ఫేజుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఉన్న స్కూటర్లు, సైకిళ్లు, మూడు చక్రాల బండ్ల కోసం రాసింది. ఎలక్ట్రిక్ కార్లకు ఇది పనికిరాదు. వాటి బ్యాటరీలు వందల వోల్టులవి. నారింజ రంగు కేబుల్ కనిపించిన చోట ఇంట్లో చేసుకునే పని ఏదీ లేదు, శిక్షణ ఉన్నవారికే వదిలేయండి. మీ బండికి ఇంకా వారంటీ ఉన్నా, తప్పు ఏమిటో యాప్‌లోనో డిస్‌ప్లే మీదో కోడ్ రూపంలో చూపించే రకమైనా, ముందు ఆ దారి చూసుకోండి.

కావలసినవి

- డయోడ్ మోడ్ (కరెంటు ఒకే వైపు పారుతోందో లేదో చూసే అమరిక) ఉన్న మల్టీమీటర్. మామూలుది చాలు.
- డీసీ కొలిచే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది). తప్పనిసరి కాదు, ఉంటే చివరి పరీక్ష నమ్మకంగా చేయొచ్చు. ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్ ఇక్కడ ఉపయోగపడదు.
- రెండు గుండుసూదులు. కనెక్టర్ వెనుక నుంచి దూర్చి కొలవడానికి.
- 1 కిలో ఓం, 5 వాట్ల రెసిస్టర్. కెపాసిటర్లను ఖాళీ చేయడానికి.
- ఇన్సులేషన్ టేపు, మార్కర్, ఫోను కెమెరా.
- చక్రాన్ని నేల నుంచి లేపి ఉంచే గట్టి స్టాండు.

ఉంగరం, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసేయండి. 60 వోల్టులు మీకు పెద్దగా షాక్ కొట్టకపోవచ్చు, కానీ ఆ బ్యాటరీ రెండు కొసల మధ్య ఉంగరం పడితే వందల ఆంపియర్లు పారి వేలికి ఉన్నపళాన వాత పెడుతుంది.

1. ఫోటో తీయండి, చక్రం లేపండి

కంట్రోలర్ మూత తీయగానే ఏ కనెక్టరూ ముట్టుకోకుండా నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఫేజ్ వైర్లు, అంటే మోటారుకు వెళ్లే ఆ మూడు లావు వైర్లు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటాయి. హాల్ వైర్లకూ అవే రంగులు. రంగుకు రంగు కలపడమే సరైనదని అందరూ అనుకుంటారు. అన్ని మోటార్లలో అలా ఉండదు. కంపెనీలోనే పసుపును నీలంతో కలిపి పంపిన బండ్లున్నాయి. ఆ సంగతి మీ ఫోటోలో తప్ప ఎక్కడా ఉండదు.

నడిపి చూడమని చెప్పిన చోట తప్ప, పరీక్షలన్నీ చక్రం గాల్లో ఉండగానే చేయాలి. పక్క స్టాండు మీద కాదు.

ఇప్పుడే ముక్కునూ కళ్లనూ కూడా వాడండి. కాలిన వాసన ఉందా? ఫేజ్ కనెక్టర్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా? హాల్ కనెక్టర్ ఊడదీసి లోపల చూస్తే పిన్నుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే నీరు చేరినట్టే. ఒక్కోసారి ఐదు పిన్నుల్లో నాలుగు సమంగా ఉండి, ఒకటి వెంట్రుకవాసి వెనక్కి జరిగి ఉంటుంది. కనెక్టర్ బిగించినప్పుడు టక్కుమని శబ్దం వస్తుంది, ఆ పిన్ను మాత్రం అవతలి పిన్నును తాకదు. వేలితో కాదు, టార్చి వేసి చూడండి.

2. బ్యాటరీని కంట్రోలర్ దగ్గర కొలవండి

బ్యాటరీ కొసల దగ్గర కాదు, కంట్రోలర్‌లోకి వెళ్లే లావు ఎరుపు, నలుపు వైర్ల దగ్గర. మధ్యలో ఫ్యూజు, ఎంసీబీ, రెండు మూడు జాయింట్లు ఉంటాయి. తప్పు వాటిలో ఉంటే బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టినంత మాత్రాన తెలియదు.

తాళం తిప్పాక, ఇగ్నిషన్ నుంచి వచ్చే సన్న వైరులో కూడా బ్యాటరీ వోల్టేజీ మొత్తం రావాలి. లావు వైరులో 60 వోల్టులు ఉండి సన్న వైరులో ఏమీ లేకపోతే తప్పు తాళంలోనో దాని వైరులోనో ఉంది, కంట్రోలర్‌లో కాదు.

తర్వాత మీటర్ అలాగే ఉంచి యాక్సిలరేటర్ తిప్పండి. చక్రం తిరిగే బండి అయితే, బ్రేకు కొంచెం నొక్కి బరువు పెట్టడానికి కుదరదు, ఎందుకంటే బ్రేకు స్విచ్ మోటారును ఆపేస్తుంది. కాబట్టి బరువు మీద ఆగిపోయే బండికి మీటర్‌ను టేపుతో హ్యాండిల్‌కు కట్టి, ఖాళీ చోట నెమ్మదిగా నడిపి చూడాలి. నిలకడగా 62 చూపించినది కదలగానే 50కి పడిపోతే కంట్రోలర్ తన పని తాను చేస్తోంది: వోల్టేజీ హద్దు దాటి పడితే ఆపేయడం దాని బాధ్యత. లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం చేసిన కంట్రోలర్లలో ఈ హద్దు 48 వోల్టుల బండికి 42 దగ్గర, 60 వోల్టుల బండికి 52 దగ్గర ఉండడం మామూలు.

పడిపోయింది బ్యాటరీ తప్పా, జాయింటు తప్పా? మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకొకటి కంట్రోలర్ ఎర్ర వైరు మీద పెట్టి లోడు ఇవ్వండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒక వోల్టు చూపినా ఆ దారిలో ఏదో జాయింటు కాలుతోంది.

3. ఐదు వోల్టులు వస్తున్నాయా?

ఈ మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన పరీక్ష ఇది. ఒక నిమిషంలో సగం చిక్కు విడిపోతుంది.

యాక్సిలరేటర్ కనెక్టర్‌లో మూడు వైర్లు ఉంటాయి: ఎరుపు, నలుపు, మూడోది ఆకుపచ్చో తెలుపో. కనెక్టర్ ఊడదీయకుండా, వెనుక నుంచి సూదులు దూర్చి ఎరుపు, నలుపు మధ్య కొలవండి. సూది కొసలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. 4.2 నుంచి 5 వోల్టుల దాకా ఏది వచ్చినా మంచిదే.

ఏమీ రాకపోతే కంట్రోలర్ చచ్చిందని తీర్పు చెప్పకండి. అదే ఐదు వోల్టులు మోటారులోని హాల్ సెన్సర్లకూ వెళ్తాయి. ఇరుసు దగ్గర వైరు నలిగి ఎరుపు, నలుపు కలిసిపోతే మొత్తం సరఫరా కూలిపోతుంది. కాబట్టి:

- తాళం ఆపి, యాక్సిలరేటర్, హాల్ కనెక్టర్లు రెండూ ఊడదీయండి.
- తాళం తిప్పి కంట్రోలర్ వైపు కనెక్టర్‌లో మళ్లీ కొలవండి.
- ఐదు వోల్టులు తిరిగి వస్తే కంట్రోలర్ బాగానే ఉంది. ఒక్కొక్కటే తగిలిస్తూ వెళ్లండి. ఏది తగిలించగానే పడిపోతే దోషి అదే.
- అప్పటికీ రాకపోతే, రెండో మెట్టులో ఇగ్నిషన్ వైరు సరిగ్గా ఉందని తేలి ఉంటే, కంట్రోలర్ లోపలి సరఫరా భాగం పోయింది. ఇక్కడ మాత్రం కంట్రోలర్‌ను నిందించవచ్చు.

4. యాక్సిలరేటర్

నలుపు వైరుకూ సిగ్నల్ వైరుకూ మధ్య కొలవండి. వదిలేసి ఉన్నప్పుడు 0.8 నుంచి 1 వోల్టు, పూర్తిగా తిప్పితే 3.6 నుంచి 4.2. మధ్యలో ఎక్కడా ఎగరకుండా, నీళ్ల కుండ నిండినట్టు నెమ్మదిగా పెరగాలి.

వదిలేసినా ఒకటిన్నర వోల్టు ఉంటే, తాళం తిప్పేటప్పటికే ఎవరో యాక్సిలరేటర్ పట్టుకున్నారని కంట్రోలర్ అనుకుంటుంది. భద్రత కోసం కదలడానికి ఒప్పుకోదు. లోపలి అయస్కాంతం జరిగినా, వర్షపు నీరు దిగినా ఇలా అవుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడితే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ నమ్మకండి, మార్చేయండి.

హెచ్చరిక: యాక్సిలరేటర్ నలుపు వైరు తెగితే సిగ్నల్ పైకి ఎగబాకుతుంది. మంచి కంట్రోలర్లు దాన్ని తప్పుగా గుర్తించి ఆగిపోతాయి, నాసిరకంవి పూర్తి వేగంతో పరిగెత్తిస్తాయి. "తాళం తిప్పగానే బండి దానంతటదే దూకింది" అనేవారు ముందు చూడవలసింది ఈ నలుపు వైరునే. తప్పు దొరికేదాకా ఆ బండి చక్రం నేలకు తగలకూడదు.

5. బ్రేకు స్విచ్, పక్క స్టాండు, పార్కింగ్ బటన్

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో ఒక స్నేహితుడి బండికి కంట్రోలర్ మార్చాను. కదల్లేదు. కొత్తది కూడా చెడ్డదేమోనని మరొకటి తెచ్చి పెట్టాను. అదీ కదల్లేదు. చీకటిపడ్డాక బండిని గోడ పక్కకు తోస్తుంటే గోడ ఎర్రగా కనిపించింది. ఎవరూ బ్రేకు నొక్కడం లేదు, బ్రేకు లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఎడమ లివర్‌లోని చిన్న స్విచ్ ఇరుక్కుపోయింది. ఆ మొదటి కంట్రోలర్ ఇప్పటికీ నా దగ్గర పరీక్షలకు పనిచేస్తోంది.

కాబట్టి ముందు బ్రేకు లైటు చూడండి. తర్వాత బ్రేకు స్విచ్ కనెక్టర్ ఊడదీసి, చక్రం గాల్లో ఉండగా యాక్సిలరేటర్ తిప్పండి. తిరిగితే స్విచ్ మార్చాలి. ఊడదీసిన కనెక్టర్‌ను అలాగే వదిలి నడపడం చాలామంది చేసే పని; బ్రేకు నొక్కినా మోటారు తోస్తూనే ఉంటుంది. అలా చేయకండి.

పక్క స్టాండు స్విచ్, పార్కింగ్ బటన్, రిమోట్ అలారం వైరు కూడా ఇదే పని చేస్తాయి. అలారం తాళం పడితే చక్రం గట్టిగా పట్టేసి, తోస్తే గుర్రుమంటుంది. అది కాలిన మోటారు లక్షణంలా ఉంటుంది, అలారం కనెక్టర్ తీయగానే మాయమవుతుంది.

6. చేత్తో తిప్పి చూడండి

మీటర్ అక్కర్లేని పరీక్ష. బ్యాటరీ కనెక్టర్ తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. లోపల గేర్లున్న హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండేది) అయితే వెనక్కి తిప్పాలి, ముందుకు తిప్పితే మోటారు తిరగదు.

- హాయిగా తిరిగితే మంచిది. అయస్కాంతాల వల్ల వచ్చే సన్నని గరుకు సహజమే.
- ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు, కుదుపులతో బరువుగా తిరిగితే మూడు ఫేజ్ వైర్లనూ కంట్రోలర్ నుంచి విడదీసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి మళ్లీ తిప్పండి.
- ఇప్పుడు తేలికైతే కంట్రోలర్ లోపల మోస్‌ఫెట్ (మోటారుకు కరెంటును వదిలి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్ట్ అయింది.
- ఇప్పటికీ బరువుగానే ఉంటే తప్పు మోటారు వైపుది. ఎక్కువగా ఇరుసు దగ్గర ఫేజ్ వైర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అది బాగుచేయకుండా కొత్త కంట్రోలర్ తగిలిస్తే అదీ కాలిపోతుంది.

బరువు అంటే ఎంత బరువో తెలియకపోతే, విడదీసి ఉన్న మోటారు ఫేజ్ వైర్లలో ఏ రెండింటినైనా కలిపి పట్టుకుని చక్రం తిప్పండి. ఆ తేడా ఒకసారి చేతికి తెలిస్తే ఇక మరిచిపోరు. నెమ్మదిగానే తిప్పండి, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది.

7. మోస్‌ఫెట్లను డయోడ్ మోడ్‌లో కొలవండి

బ్యాటరీ తీసేసినా కంట్రోలర్‌లోని కెపాసిటర్లు చార్జి పట్టుకుని ఉంటాయి. కంట్రోలర్ ఎరుపు, నలుపు వైర్ల మధ్య రెసిస్టర్‌ను పది సెకన్లు పెట్టి, ఒక వోల్టు లోపుకు దిగిందో లేదో మీటర్‌తో చూడండి. రెసిస్టర్‌ను కొంకి పట్టకారతో పట్టుకోండి, వేడెక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే అలవాటు ఉంటే మానుకోండి.

ఫేజ్ వైర్లు మోటారు నుంచి విడిగా ఉండాలి. ఇది మరిస్తే కొలత అంతా వృథా: మోటారు చుట్లు మూడింటినీ కలిపేస్తాయి కాబట్టి మూడు ఫేజులూ ఒకే అంకె చూపి మిమ్మల్ని మోసం చేస్తాయి.

- మీటర్ ఎర్ర ప్రోబ్ కంట్రోలర్ నల్ల లావు వైరు మీద, నల్ల ప్రోబ్ ఒక్కో ఫేజ్ మీద: 0.4 నుంచి 0.6 మధ్య రావాలి.
- నల్ల ప్రోబ్ కంట్రోలర్ ఎర్ర లావు వైరు మీద, ఎర్ర ప్రోబ్ ఒక్కో ఫేజ్ మీద: మళ్లీ అంతే.
- ప్రోబ్‌లు తారుమారు చేస్తే అంకె పెరుగుతూ పోయి హద్దు దాటాలి.

అసలు అంకె కన్నా మూడు ఫేజుల పోలిక ముఖ్యం. 0.49, 0.49, 0.50 వస్తే నిశ్చింత. 0.49, 0.49, 0.02 వస్తే మూడో ఫేజ్ మోస్‌ఫెట్ పోయింది. సోల్డరింగ్ మీద పట్టున్నవారు దాన్ని మార్చుకోవచ్చు, అయితే పక్కనున్న గేట్ డ్రైవర్ (మోస్‌ఫెట్లకు ఆజ్ఞ ఇచ్చే) భాగాలు కూడా దెబ్బతిని ఉండడం మామూలు. మిగతావారికి కొత్త కంట్రోలరే దారి.

ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన కంట్రోలర్ నూటికి నూరుపాళ్లు మంచిదని కాదు. షార్ట్ కాలేదని మాత్రమే అర్థం.

8. హాల్ సెన్సర్లు

మోటారు వణికి ఆగిపోవడం, ఒకసారి కాలితో తోస్తే పరిగెత్తడం, టకటకమని శబ్దం రావడం ఇక్కడి లక్షణాలు.

హాల్ కనెక్టర్ తగిలించే ఉంచండి, తాళం తిప్పండి. మీటర్ నల్ల ప్రోబ్ హాల్ నలుపు మీద, ఎర్రది పసుపు, ఆకుపచ్చ, నీలం మీద ఒక్కొక్కటిగా పెట్టి చక్రాన్ని చీమ నడకలా తిప్పండి. ప్రతి వైరూ సున్నా, ఐదుకు దగ్గరగా, సున్నా, ఐదు అని మారుతూ ఉండాలి. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఇలా చాలాసార్లు మారుతుంది.

వేగంగా తిప్పితే మీటర్ రెండున్నర చూపుతుంది. అది సగటు, సెన్సర్ తప్పు కాదు. కనెక్టర్ ఊడదీసి కొలిచినా సరైన ఫలితం రాదు, ఎందుకంటే పై ఐదు వోల్టులు సిగ్నల్ వైరుకు అందేది కంట్రోలర్ నుంచే.

ఒక రంగు ఎప్పుడూ ఐదు దగ్గరే, లేదా ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండిపోతే ముందు కనెక్టర్ పిన్ను, తర్వాత ఇరుసు దగ్గర వైరు, ఆ తర్వాతే సెన్సర్. సెన్సర్ మార్చాలంటే మోటారు విప్పాలి. ఆ అయస్కాంతాలు వేలిని నలిపేయగలవు. విప్పాక మూడు సెన్సర్లూ ఒకేసారి మార్చడం మేలు.

ఇంకో దారి: సెన్సర్లు లేకున్నా నడవగల కంట్రోలర్లు చాలా ఉన్నాయి. హాల్ కనెక్టర్ తీసేసి యాక్సిలరేటర్ తిప్పితే, మొదట కాస్త కుదిపినా తర్వాత నున్నగా తిరిగితే తప్పు హాల్ వైపే ఉంది.

9. కొత్త కంట్రోలర్ పెట్టవలసి వస్తే

వోల్టేజీ విషయంలో పేరు చూసి మోసపోకండి. 48 వోల్టుల లిథియం ప్యాక్ పూర్తిగా నిండితే 54.6 వోల్టులు ఉంటుంది. 20 సెల్లుల వరుస ఉన్న 72 వోల్టుల ప్యాక్ 84 దాకా వెళ్తుంది. 48 వోల్టుల కంట్రోలర్లలో తరచు 63 వోల్టుల కెపాసిటర్లే ఉంటాయి. దానికి 60 వోల్టుల ప్యాక్ తగిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

బ్యాటరీ తగిలించేటప్పుడు వచ్చే నిప్పురవ్వ కెపాసిటర్లు నిండడం వల్లే. దాన్ని తప్పించాలంటే ముందు రెసిస్టర్ ద్వారా ఐదు సెకన్లు కలిపి, అది తీసిన వెంటనే కనెక్టర్ బిగించండి.

ఫేజ్, హాల్ కలయికను కంట్రోలర్ నేర్చుకోవడానికి రెండు సన్నని వైర్లు ఉంటాయి, ఎక్కువగా తెల్లవి. రంగు మీద ఆధారపడకుండా కంట్రోలర్ మీది చీటీ చదవండి. చక్రం గాల్లో ఉండగా వాటిని కలిపి తాళం తిప్పితే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. వెనక్కి తిరిగితే విడదీసి మళ్లీ కలపండి. ముందుకు తిరిగాక విడదీసి, రెండింటికీ విడివిడిగా టేపు చుట్టండి. చుట్టని వైర్లు కుదుపుల్లో కలిసిపోతాయి.

ఆ సౌకర్యం లేకపోతే మీ మొదటి ఫోటోలాగే కలపండి. అదీ లేకపోతే హాల్ వైర్లను అలాగే ఉంచి ఫేజ్ వైర్లను మార్చి మార్చి చూడాలి. ఆరు అమరికలే ఉంటాయి. ప్రతిసారీ యాక్సిలరేటర్‌ను కొంచెమే, ఒకటి రెండు సెకన్లే తిప్పండి. తప్పు అమరికలో పూర్తిగా తిప్పితే కొత్త మోస్‌ఫెట్లు మీ కళ్ల ముందే పోతాయి.

10. సరైందో లేదో చూసుకోవడం

చక్రం తిరిగింది కదా అని మూత బిగించేయకండి. తప్పు అమరికల్లో కొన్ని చక్రాన్ని తిప్పుతాయి, కరెంటు మాత్రం విపరీతంగా తాగుతాయి.

చక్రం గాల్లో పూర్తి వేగంతో తిరుగుతుండగా బ్యాటరీ వైరుకు క్లాంప్ మీటర్ పెట్టండి. మామూలు హబ్ మోటారు ఖాళీగా తిరగడానికి ఒకటి నుంచి మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. ఏడెనిమిది దాటి, మోటారు మూలుగుతుంటే అమరిక తప్పు. క్లాంప్ లేకపోతే చెవిని నమ్మండి: సరైన అమరికలో వచ్చేది సన్నని ఏకధాటి శబ్దం, గరగర కాదు.

తర్వాత బ్రేకు లివర్లు ఒక్కొక్కటి నొక్కి, రెండింటితోనూ మోటారు ఆగుతోందో లేదో చూడండి. పక్క స్టాండు వేసి చూడండి. యాక్సిలరేటర్ వదలగానే వెంటనే మొదటి స్థానానికి వస్తోందో లేదో చూడండి.

ఆఖరున నేల మీద పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, ఆపి, తాళం తీసి మూడు ఫేజ్ కనెక్టర్లనూ చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. మూడింటిలో ఒకటి మాత్రమే చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ జాయింటు వదులు. దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త లగ్‌తో (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) బిగించి, మళ్లీ పది నిమిషాలు నడపండి.